ఒక్క రాణితో మొదలుపెట్టి ఇంట్లో గండు చీమల్ని పెంచడం ఎలా

తొలకరి వానలు మొదలైన రోజుల్లోనే ఈ పనికి పూనుకోవాలి. మిగతా ఏడాదంతా రాణి చీమ నేలలో లోతుగా ఉంటుంది. పుట్ట తవ్వితే పుట్ట పాడవుతుందే తప్ప రాణి చేతికి రాదు. గుప్పెడు చీమల్ని సీసాలో పోసుకుని పెంచుదామని చూసేవాళ్ళు చాలామంది ఉంటారు. రాణి లేని కూలి చీమలు కొన్ని వారాలో, మహా అయితే కొన్ని నెలలో తిరిగి రాలిపోతాయి. వాటి స్థానంలోకి కొత్తవి రావు. అందుకే జతకట్టి, రెక్కలు రాల్చుకుని, గూడు కోసం నేల మీద వెతుక్కుంటున్న ఒక్క రాణిని పట్టుకోవాలి. పుట్టంతా దాని కడుపులోంచే రావాలి.

ఇక్కడ చెప్పేది నల్ల గండు చీమ గురించి. శాస్త్రీయ నామం కాంపొనోటస్ కంప్రెసస్. వేప చెట్టు మొదట్లో, తుమ్మ కాండం మీద, పెరటి గోడ వెంబడి బారులు తీరి కనిపించే పెద్ద నల్ల చీమ ఇదే. మొదటిసారి పెంచేవాళ్ళకు ఇంతకన్నా మంచిది మన దగ్గర లేదనే చెప్పాలి. పెద్దది కాబట్టి అది చేసే ప్రతి పనీ మామూలు కంటికే కనిపిస్తుంది. దీనికి ముల్లు లేదు. కరుస్తుంది, కరిచిన చోట ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది, కాసేపు చురుక్కుమంటుంది, అంతే. పైగా రాణి మొదటి కాన్పు పిల్లల్ని తిండి లేకుండానే పెంచుకుంటుంది. రెక్కల కండరాల్నీ ఒంట్లోని కొవ్వునీ కరిగించి పిల్లలకు నోటితో అందిస్తుంది. ఆ నెలన్నర మీకు మేత పెట్టే పనే ఉండదు.

మొదటే వద్దనాల్సినవి కొన్ని ఉన్నాయి. నిప్పులా కుట్టే చిన్న ఎర్ర చీమలు సూది మొనంత సందు దొరికినా బయటపడతాయి. మామిడి చెట్ల మీద ఆకులు కలిపి గూడు అల్లే చీమలకు బతికున్న కొమ్మలు కావాలి. ఎర్రటి ఛాతీ, నల్లటి తల, నల్లటి పొట్ట ఉన్న సన్నటి చెట్టు చీమ కుట్టిందంటే కందిరీగే గుర్తొస్తుంది. నేల మీద ఒంటరిగా తిరిగే బూడిదనలుపు డయాకమ్మాలో అసలు రాణి అనే జీవే లేదు, కూలి చీమల్లోనే ఒకటి గుడ్లు పెడుతుంది. ఇవన్నీ రెండో పుట్టకో మూడో పుట్టకో చూసుకోవచ్చు.

రాణిని పట్టడం

వాన పడి వెలిసి, గాలి లేకుండా ఉక్కగా ఉన్న సాయంత్రం చీకటి పడే వేళ నుంచి వెతకండి. వీధి దీపాల కింద, పెట్రోలు బంకుల దగ్గర, మేడ మీద లైటు ఉన్న గోడ పక్కన చూడండి. మర్నాడు పొద్దున్నే అవే చోట్ల మరోసారి తిరిగితే రెక్కలు ఊడిన రాణులు గోడ వెంబడి నడుస్తూ దొరుకుతాయి. జేబులో మూత ఉన్న చిన్న డబ్బాలు నాలుగైదు ఉంచుకోండి. మూతకు పిన్నుతో చిల్లులు పెట్టి, లోపల తడి టిష్యూ ముక్క ఒకటి వేయండి. డబ్బాకు ఒక్క రాణే. మూత గట్టిగా బిగించిన డబ్బాలో బెదిరిన చీమ చిమ్మిన ఆమ్లపు ఆవిరే దాన్ని చంపగలదు. చిల్లులు అందుకే.

దీపం కిందికి వచ్చినదల్లా రాణి కాదు. మూడు రకాలు పొరపాటు పడేలా చేస్తాయి.

ఉసిళ్ళు చెద పురుగుల జాతి. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము ఉండదు, మీసాలు పూసల దండలా తిన్నగా ఉంటాయి. చీమకు ముందు రెక్కలు పొడవు, వెనకవి పొట్టి. నడుము సన్నగా నొక్కినట్టుంటుంది, మీసం మోచేయిలా వంగి ఉంటుంది.

గండు చీమల్లో మగది సన్నగా, చిన్న తలతో ఉంటుంది. జతకట్టిన కొద్ది రోజులకే చచ్చిపోతుంది. రాణి ఒకటిన్నర సెంటీమీటరు దాటి ఉంటుంది, ఛాతీ మూపురంలా లేచి ఉంటుంది, పొట్ట బరువుగా కనిపిస్తుంది. పెద్ద తల ఉన్న కూలి చీమను చూసి రాణి అనుకోకండి. దాని ఛాతీ పక్కనుంచి చూస్తే సన్నగా, నున్నగా ఉంటుంది. రాణి ఛాతీ మీద పలకలు అతికినట్టు గీతలు, రెక్కలు ఊడిన చోట చిన్న మచ్చలు కనిపిస్తాయి.

ఇక మూడోది గోధుమ రంగులో, ఒంటినిండా నూగుతో, సాసేజ్‌లాంటి పొడవాటి పొట్టతో లైటు చుట్టూ గిరికీలు కొట్టే పెద్ద పురుగు. అది డోరైలస్ అనే దండు చీమల మగది. ఎంత పెద్దగా ఉన్నా అక్కరకు రాదు, వదిలేయండి.

రెక్కలు ఇంకా ఊడని రాణి దొరికితే తీసుకోవచ్చు. గండు చీమల్లో కొన్ని రాణులు జతకట్టాక కూడా కొన్నాళ్ళు రెక్కలు ఉంచుకుంటాయి. జత కలవని రాణి కూడా గుడ్లు పెట్టగలదు, కానీ వాటిలోంచి మగవే వస్తాయి. రెక్కలున్నదాన్ని, లేనిదాన్ని కలిపి మూడు నాలుగు రాణుల్ని పట్టి విడివిడిగా ఉంచడం మంచిది. అన్నీ నిలబడవు. మిగిలితే పట్టిన చోటే వదిలేయవచ్చు.

ట్యూబు సిద్ధం చేయడం

కావలసినవి: గాజు టెస్ట్ ట్యూబు, 16 నుంచి 18 మిల్లీమీటర్ల వ్యాసం, 150 మిల్లీమీటర్ల పొడవు. కాలేజీలకు ల్యాబు సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది. మెడికల్ షాపు దూది ఒక చుట్ట. ఆర్‌ఓ నీళ్ళు, లేదా మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు. దూది నెట్టడానికి పెన్సిలు.

దూది విషయంలో చాలామంది మొదటి రోజే దెబ్బతింటారు. దిండులోంచి తీసిన బూరుగు దూది నీటిని పీల్చదు. చేలోంచి వచ్చిన పత్తికి కూడా సహజమైన మైనం పూత ఉంటుంది, నీరు దాని మీద నిలబడిపోతుంది. మందుల షాపులో అమ్మే సర్జికల్ దూదినుంచి ఆ మైనం తీసేస్తారు కాబట్టి అదే పనికొస్తుంది.

ట్యూబులో అడుగునుంచి 5 సెంటీమీటర్ల ఎత్తుకు నీళ్ళు పోయండి. అంటే దాదాపు 10 మిల్లీలీటర్లు. చిటికెన వేలి పొడవు దూదిని గట్టిగా చుట్టి, ట్యూబులోకి బిగుతుగా పట్టే ఉండ చేయండి. ట్యూబును నిలబెట్టే ఉంచి పెన్సిలుతో మెల్లగా నెట్టండి. దూది నీటిని తాకి, పై అంచు దాకా తడి ఎక్కగానే ఆపేయండి. పైన నీటి పొర మెరుస్తూ కనిపిస్తే ఎక్కువ నెట్టినట్టు. అప్పుడు పొడి దూది ముక్కతో అద్దండి.

నీటికీ దూదికీ మధ్య గాలి బుడగ ఉండకూడదు. ఎందుకంటే మధ్యాహ్నం గది వేడెక్కినప్పుడు ఆ గాలి వ్యాకోచించి నీళ్ళను దూదిలోంచి బయటికి తోస్తుంది. పొద్దున పొడిగా ఉన్న ట్యూబు సాయంత్రానికి చెరువవుతుంది, గుడ్లు తేలుతుంటాయి. మన ఎండల్లో ఇది రోజూ జరిగే సంగతే. బుడగ కనిపిస్తే దూది తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి. సర్దుబాటు చేయబోతే సందు పడి అసలుకే మోసం వస్తుంది.

ఇప్పుడు ట్యూబును పడుకోబెట్టండి. తడి దూది దాటాక ఆరు సెంటీమీటర్ల చోటు రాణికి మిగలాలి. డబ్బా మూతిని ట్యూబు మూతికి ఆనించి, డబ్బా మీద వెలుతురు పడేలా, ట్యూబు మీద గుడ్డ కప్పి ఉంచితే రాణి చీకటి వైపుకు తనంతట తానే నడుస్తుంది. పట్టకారుతో పట్టకండి, కాలు విరిగితే ఆ పుట్ట అక్కడితో సరి. మూతికి పొడి దూది వదులుగా పెట్టండి. గాలి ఆడాలి, చీమ దూరకూడదు. ట్యూబు దొర్లకుండా కింద మైనమో టేపో అంటించి, తేదీ రాసిన కాగితం అతికించి, చెప్పుల అట్టపెట్టెలో పెట్టి మూయండి.

నలభై ఐదు రోజులు

పెట్టె పెట్టే చోటు ముఖ్యం. బీరువా అడుగు అర, పుస్తకాల అల్మరా వెనక లాంటివి మేలు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మిక్సీ, టీవీ స్పీకరు దగ్గర వద్దు. అదురుకు రాణి బెదిరి గుడ్లు తినేస్తుంది. తిండి దొరకని రాణికి గుడ్డంటే దాచుకున్న తిండి కూడా. ప్రమాదం ఉందనిపిస్తే పెట్టుబడి వెనక్కి తీసుకుంటుంది.

వారానికి ఒక్కసారే, ఒక్క నిమిషమే చూడండి. ఫోను టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టి చూస్తే ఇంకా నయం. ఎరుపు మనకు వెలుగుగానే ఉంటుంది, చీమకు దాదాపు చీకటి. ఈ దశలో చచ్చిపోయే రాణుల్లో ఎక్కువ భాగం యజమాని ఆత్రానికి బలైనవే. రోజుకు మూడుసార్లు తీసి చూసేవాళ్ళకు పుట్ట ఎదగదు.

28, 30 డిగ్రీల దగ్గర సాధారణంగా ఇలా సాగుతుంది. మొదటి వారంలో గుడ్లు పడతాయి, ఐదు మొదలుకొని పది పన్నెండు దాకా. సన్నటి పాల రంగు బియ్యపు నూకల్లా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. రాణి వాటిని తడి దూది దగ్గరికో దూరానికో జరుపుతూ, ఒక్కొక్కటీ నోట్లోకి తీసుకుని నాకుతూ ఉంటుంది. ఆ నాకుడే గుడ్డుకు బూజు పట్టకుండా కాపాడేది. రెండు మూడు వారాలకు గుడ్లలోంచి కాళ్ళు లేని పిల్ల పురుగులు వస్తాయి. అవి పెరిగి, తమ చుట్టూ పట్టుపురుగులాగే లేత గోధుమ రంగు తొడుగు అల్లుకుంటాయి. ఆ తొడుగు ఒక కొసన నల్ల చుక్క కనిపిస్తుంది. పురుగు పోయిందేమోనని కంగారు పడకండి. పిల్ల పురుగు అప్పటిదాకా కడుపులో ఆపుకున్న మలాన్ని లోపల ఒక మూలకు వదులుతుంది, ఆ చుక్క అదే. అది కనిపించిందంటే లోపల చీమ తయారవుతోందని అర్థం.

ఐదు నుంచి ఏడు వారాల్లో రాణి తొడుగును కొరికి మొదటి కూలి చీమను బయటికి లాగుతుంది. అది పాలిపోయిన రంగులో, కాళ్ళు తడబడుతూ, మీరు బయట చూసే గండు చీమలో సగం కూడా లేకుండా ఉంటుంది. కరువులో పుట్టిన బిడ్డ మరి. ఒకట్రెండు రోజుల్లో నల్లబడుతుంది.

నెల దాటినా గుడ్లు గుడ్లుగానే ఉంటే అవి పిల్లలయ్యే గుడ్లు కావు. రెండు నెలలకూ మార్పు లేకపోతే ఆ రాణిని పట్టిన చోట వదిలేసి, ఇంకో ట్యూబు సంగతి చూసుకోండి.

మేత

కూలి చీమలు నల్లబడి ట్యూబు మూతి దాకా తిరగడం మొదలుపెట్టాక మేత పెట్టాలి. రెండు రకాలు కావాలి. తీపి తిరిగే చీమల కోసం, మాంసకృత్తులు రాణికీ పిల్ల పురుగులకూ.

తీపికి ఒక చెంచా పంచదార, నాలుగు చెంచాల నీళ్ళు. బెల్లం నీళ్ళు వద్దు, మన వేడికి గంటల్లో పులుస్తాయి, మడ్డి మిగులుతుంది. తేనె అయితే మూడింతల నీళ్ళు కలపండి. మాత్రల షీటులోంచి కత్తిరించిన రేకు ముక్క మీద ఒక్క చుక్క వేసి మూతి దగ్గర పెట్టండి. ఒలికించకండి. పది చీమలకు ఒక చుక్క ఎక్కువే. చీమ చుక్క దగ్గర కదలకుండా నిలబడి తాగుతుంటే పొట్ట మీది నల్ల పలకలు విడివడి, మధ్యలో తేనె రంగు పొర సాగి కనిపిస్తుంది. అది లోపలికి వెళ్ళి రాణి నోటికి నోరు ఆనించి పంచుతుంది. ఒక్క చీమ కడుపు నిండితే ఇంటిల్లిపాదికీ అందుతుంది కాబట్టి అన్నీ వచ్చి తినలేదని బెంగపడనక్కర్లేదు. మిగిలిన చుక్కను 24 గంటల్లో, వేసవిలో పూట గడవగానే తీసేయండి.

మాంసానికి వారానికి రెండుసార్లు ఒక పురుగు. దోమల బ్యాటుతో కొట్టిన దోమ మొదటి రోజులకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే దాని మీద మందు ఉండదు. అదే గదిలో దోమల మెషిన్ పెడుతుంటే మాత్రం ఆ దోమ పనికిరాదు. మగ్గిన అరటిపండు ముక్క సీసాలో వేసి తెరిచి ఉంచి, పండు ఈగలు లోపలికి వచ్చాక మూతికి గుడ్డ కడితే అవి అందులోనే గుడ్లు పెట్టి పెరుగుతాయి. పుట్ట పెరిగాక అక్వేరియం షాపుల్లో చేపలకూ పక్షులకూ అమ్మే మీల్‌వార్ములు మేలు. ముక్కలు కోసి పెట్టండి, తొక్క గట్టిగా ఉంటుంది. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన ఆవగింజంత అప్పుడప్పుడు ఇవ్వవచ్చు, ఎక్కువైతే కుళ్ళుతుంది. బయటినుంచి తెచ్చిన ఏ పురుగునైనా మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి ఆరబెట్టాకే ఇవ్వండి. చీమల ఒంటికి పట్టే నల్లుల్లాంటి సన్న జీవులు అలాగే లోపలికి వస్తాయి.

ఇంట్లో చచ్చిపడి ఉన్న బొద్దింకను ఎప్పుడూ పెట్టకండి. అది ఏ మందు తిని చచ్చిందో మీకు తెలియదు. పుట్టంతా రెండు రోజుల్లో వెల్లకిలా పడుతుంది.

గండు చీమలు తీపి మీదే ఎక్కువ కాలం బతకడం చూసి కొందరు మాంసం మానేస్తారు. బయట ఇవి పేనుబంక లాంటి పురుగుల వెనక కాపలా ఉండి వాటి తీపి విసర్జన తాగుతాయి. పైగా వీటి పేగు కణాల్లో ఉండే ఒక బ్యాక్టీరియా కొన్ని పోషకాలను తయారుచేసి ఇస్తుంది. అందువల్ల పెద్ద చీమలు చావవు. పిల్ల పురుగులు మాత్రం ఎదగకుండా నెలల తరబడి అలాగే ఉండిపోతాయి.

ఇల్లు

20, 30 కూలి చీమలు అయ్యేదాకా ట్యూబే ఇల్లు. మూతిని ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తెరిచి పెడితే మేత డబ్బా అయింది. పది చీమలకు పెద్ద ఇల్లు కట్టిస్తే ఖాళీ గదుల్లో తిండి మిగుళ్ళు, చచ్చిన పురుగుల తొక్కలు పోగేస్తాయి, బూజు అక్కడినుంచే మొదలవుతుంది.

ఇంటికి అన్నిటికన్నా అందుబాటులో ఉన్న సరుకు ఏఏసీ బ్లాకు. అపార్టుమెంట్లు కట్టేచోట గోడలకు వాడే తెల్లటి, తేలికైన ఇటుక అది. విరిగిన ముక్క అడిగితే ఇస్తారు. నాలుగంగుళాల మందం ఉన్న బ్లాకునుంచి పాత రంపంతో 20 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోయండి. రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చండి, సున్నపు గుణం కొంత పోతుంది. తడిగా ఉన్నప్పుడే చెక్కండి. పొడిగా చెక్కితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు కట్టుకోవాల్సిందే.

ముందుగా ఆ ముక్క పైభాగాన్ని నేల మీద పరిచిన గరుకు కాగితం మీద గుండ్రంగా రుద్ది సమంగా చేయండి. పైన అద్దం కూర్చుంటే ఎక్కడా పోస్టుకార్డు దూరకూడదు. అంచుల్లో రెండు సెంటీమీటర్లు వదిలి పెన్సిలుతో ఐదు గదులు గీయండి, ఒక్కోటి 4 సెంటీమీటర్లు పొడవు, 3 వెడల్పు. లోతు 12 నుంచి 15 మిల్లీమీటర్లు. ఇంతకన్నా లోతైతే చీమలు అడుగున ఉండి కనిపించవు, తక్కువైతే రాణి వీపు అద్దానికి రాసుకుంటుంది. గదుల్ని కలిపే దారులు సెంటీమీటరు వెడల్పు. పాత స్క్రూడ్రైవరు, చెంచా కాడ చాలు, ఉలి అక్కర్లేదు.

ఒక కొసన గదులకు తగలకుండా నీటి తొట్టి చెక్కండి. 8 సెంటీమీటర్ల పొడవు, 2 వెడల్పు, 3 లోతు. తొట్టికీ దగ్గరి గదికీ మధ్య రెండు సెంటీమీటర్ల గోడ ఉండాలి. నీళ్ళు బ్లాకు గుండా ఊరి ఆ గదిని తడిగా ఉంచుతాయి, దూరపు గది పొడిగా ఉంటుంది. గుడ్లను తడిలో, తొడుగుల్ని పొడిలో పెట్టుకోవడం చీమలే చూసుకుంటాయి. ఇల్లంతా ఒకే రకంగా తడిపితే వాటికి ఆ వీలు ఉండదు. అద్దం తొట్టి మీదికి రాకుండా కోయిస్తే సిరంజితో నీళ్ళు పోయడం తేలిక. వేసవిలో వారానికి రెండు మూడుసార్లు 10 మిల్లీలీటర్లు, వానాకాలంలో వారానికి ఒకసారి.

అద్దం 4 మిల్లీమీటర్లది, అంచులు గ్రైండ్ చేయించి తీసుకోండి. నాలుగు మూలలా సిలికాన్ చుక్కలు పెట్టి అతికించి, వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే మూడు రోజులు, ఆరనివ్వండి. పక్కగా ఒక గదిలోకి చిల్లు వేసి పైపు బిగించండి. పైపుకు మేస్త్రీలు వాడే లెవెల్ పైపు సరిగ్గా సరిపోతుంది, లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు. అక్వేరియం గాలి పైపు కొంటే రాణి దాంట్లో పట్టదు. పైపు రెండో కొస మేత డబ్బాలోకి.

చీమల్ని దులిపి కొత్త ఇంట్లో పోయకండి. ట్యూబును మేత డబ్బాలో పెట్టి, కొత్త ఇంటి అద్దం మీద ఎర్ర కాగితమో నల్ల గుడ్డో కప్పి, ట్యూబు మీద వెలుతురు పడనివ్వండి. ట్యూబు దూది ఆరుతున్నకొద్దీ అవే సామాను సర్దుకుంటాయి. ఒక రాత్రిలో కావచ్చు, మూడు వారాలు పట్టవచ్చు. మొదట ఒక చీమ వెళ్ళి చూసొస్తుంది, తర్వాత తొడుగుల్ని మోసుకెళ్తాయి, రాణి చివర్లో. అది వెళ్ళనంటే దాని ఇష్టం, ఆగండి. ఐదు గదుల్లో రెండు మాత్రం తెరిచి ఉంచి మిగతా దారులు దూదితో మూయండి. పుట్ట నిండాక ఒక్కొక్కటి తెరవవచ్చు. గండు చీమలు నిదానంగా పెరుగుతాయి, మొదటి ఏడాది యాభై దాటితే బాగా పెంచినట్టే.

లోపలివి బయటికి, బయటివి లోపలికి

మేత డబ్బా అంచు దాటకుండా లోపలి గోడకు పైనుంచి మూడు సెంటీమీటర్లు పూత వేయాలి. వాసన లేని టాల్కం పౌడరు ఒక పాలు, సర్జికల్ స్పిరిట్ రెండు పాళ్ళు కలిపి దూదితో పట్టించండి. స్పిరిట్ ఆరాక సన్నటి పొడి పొర మిగులుతుంది, చీమ కాళ్ళు దాని మీద జారతాయి. స్పిరిట్ వాసన పూర్తిగా పోయాకే చీమల్ని వదలండి. తెలంగాణలో ఇది నెలల తరబడి నిలుస్తుంది. విశాఖ, కాకినాడ, బందరు లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి పొడి తడెక్కి వారంలో ఉండకట్టేస్తుంది. అక్కడ వాసెలిన్‌లో రెండు చుక్కల కొబ్బరినూనె కలిపి, కంటికి కనిపించీ కనిపించనంత పలచగా రాయండి. మందంగా రాస్తే చీమలు అంటుకుని చస్తాయి. మూతకు చిల్లులు పెడితే స్టీలు జల్లెడ వల అతికించండి. పెద్ద తల చీమలు నైలాను దోమతెరను కొరికేస్తాయి.

అసలు గొడవ వేరే ఉంది. విదేశాల్లో రాసిన సూచనల్లో లేనిది, మన ఇళ్ళలో మొదటి శత్రువు, వంటింటి చీమ. చలిచీమలు, పిచ్చిగా పరుగెత్తే పొడుగు కాళ్ళ చీమలు, సన్న ఎర్ర చీమలు పంచదార నీళ్ళ వాసన పట్టి దూది పోగుల మధ్యనుంచే దూరతాయి. తెల్లారేసరికి రాణి కాళ్ళకు పదేసి వేలాడుతుంటాయి. పాలగిన్నెకు చేసే ఉపాయమే దీనికీ మందు. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి, మధ్యలో ఇటుక పెట్టి, దాని మీద పుట్టను పెట్టండి. సబ్బు లేకపోతే సన్న చీమలు నీటి పొర మీద నడిచి దాటేస్తాయి. పుట్ట గోడకు తగలకూడదు, పైపు కింద ఆనకూడదు, కర్టెను కొస పడకూడదు. ఈ కందకం మొదటి రోజునుంచే, ట్యూబు దశలోనే ఉండాలి.

చీమల సుద్దముక్కతో చుట్టూ గీత గీద్దామని ఎప్పుడూ అనుకోకండి. ఆ పొడి మీ చేతికి అంటి పుట్టలోకి వెళుతుంది. దోమల మెషిన్, దోమల చుట్ట, బొద్దింకల స్ప్రే ఉన్న గదిలో పుట్ట ఉండకూడదు. దోమను పడగొట్టే మందు చీమను వదిలిపెట్టదు. ఊరగాయ కలిపిన చేత్తో, పొగాకు నలిపిన చేత్తో ట్యూబు ముట్టుకోకండి. పెస్ట్ కంట్రోలు వాళ్ళు వచ్చే రోజు పుట్టను పక్కింటికి పంపి, రెండు వారాలు ఆగి తెచ్చుకోవడమే దారి.

ఎండ, చలి

గండు చీమకు 26 నుంచి 32 డిగ్రీలు సుఖం. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో బయట 45 దగ్గరికి వెళ్ళే రోజుల్లో, రేకుల కప్పు కింద, మేడ మీది గదిలో పుట్ట ఉంటే నిలవదు. కింది అంతస్తులో, ఉత్తరం వైపు గదిలో, నేలకు దగ్గరగా పెట్టండి. తడి గోనె మీద పెట్టె ఉంచితే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది, గాలి పొడిగా ఉన్నప్పుడు మాత్రమే. కోస్తాలో ఉక్కగా ఉన్న రోజు తడి గోనె వల్ల చెమ్మ పెరగడం తప్ప లాభం లేదు. కిటికీలోంచి పడే ఎండ పొడ గాజు ట్యూబును నిమిషాల్లో ఉడికిస్తుంది. కారులో వదిలి వెళ్ళడం గురించి చెప్పనక్కర్లేదు.

శీతాకాలం రాగానే ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చమనే సలహా కనబడుతుంది. అది యూరప్‌లాంటి మంచు దేశాల చీమలకు. మన గండు చీమను ఫ్రిజ్‌లో పెడితే చస్తుంది. డిసెంబరు, జనవరుల్లో తిండి తగ్గుతుంది, రాణి గుడ్లు ఆపేస్తుంది. మేత సగం చేసి ఊరుకోండి.

ఏదో తేడా చేసినప్పుడు

దూది పసుపు, గోధుమ రంగులకు తిరిగితే అంత భయం లేదు, విసర్జన మరకలవి. నల్లగా, నూగుగా మారితే బూజు. చాలా చీమలకు ఛాతీ వెనక క్రిములను చంపే ద్రవం ఊరే గ్రంథి ఉంటుంది. కాంపొనోటస్ జాతుల్లో చాలావాటికి అది లేదు, తమ ఆమ్లంతోనే నెట్టుకొస్తాయి. అందుకని మీ వైపునుంచి శుభ్రత కొంచెం ఎక్కువే కావాలి. బూజు పట్టిన ట్యూబు పక్కనే కొత్త ట్యూబు మూతికి మూతి ఆనించి టేపు వేసి, కొత్తదానికి గుడ్డ కప్పండి. అవే మారతాయి.

చచ్చిన చీమల్ని ఒక మూల కుప్ప వేయడం మామూలే, వారానికోసారి తీసేయండి. ఒకేరోజు పదో పదిహేనో చస్తే, కాళ్ళు ముడుచుకుని వణుకుతుంటే, అది మందు ప్రభావం. మేతా నీళ్ళూ పారబోసి, కొత్త డబ్బాలోకి మార్చి, గది మార్చండి. కూలి చీమలు తొడుగుల్ని పట్టుకుని అటూ ఇటూ పరుగులు తీస్తుంటే వేడి ఎక్కువైందనో నీటి తొట్టి ఎండిందనో చెబుతున్నట్టు. మేత ముట్టకుండా వారం గడిస్తే ముందు లోపల తొడుగులు ఎన్ని ఉన్నాయో చూడండి. పిల్ల పురుగులన్నీ తొడుగుల్లోకి వెళ్ళిపోతే మాంసం తినేవాళ్ళే ఉండరు, అది జబ్బు కాదు.

ఇంకో పుట్టనుంచి చీమల్ని తెచ్చి కలపకండి. ఒంటి వాసన తేడా పట్టి చంపుకుంటాయి.

ఎక్కడినుంచి, ఎక్కడికి

హైదరాబాదులోని కేబీఆర్ లాంటి జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాల్లోంచి ఏ జీవినీ తేవడానికి వీల్లేదు, చీమ కూడా జీవే. విదేశీ రాణుల్ని తెప్పించడం అంతకన్నా తప్పు. బతికున్న కీటకాలు దేశంలోకి రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వుల ప్రకారం అనుమతి ఉండాలి. ఈ వ్యాపారం ఎంత దూరం వెళ్ళిందంటే, దాదాపు 5,000 రాణి చీమలతో పట్టుబడిన ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళకు 2025 మే నెలలో కెన్యా కోర్టు తలా పది లక్షల షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు వేసింది. వీధి దీపం కింద ఉచితంగా దొరికే గండు చీమకు అలాంటి తంటా లేదు.

పెంచడం కుదరని పరిస్థితి వస్తే, ఊరు మారేటప్పుడో చదువు మీద వెళ్ళేటప్పుడో, రాణిని పట్టిన వీధికే తీసుకెళ్ళండి. వాన పడి నేల మెత్తబడిన సాయంత్రం, చెట్టు మొదట్లో వేరే గండు చీమల బారు లేని చోట జానెడు గుంట తీసి, ఇంటి బ్లాకును అందులో పెట్టి అద్దం ఊడదీయండి. పైన ఎండుటాకులు కప్పి, పక్కన పంచదార నీళ్ళ దూది ఒకటి వదిలి రండి. రెండు మూడు రోజుల తర్వాత వెళ్ళి ఖాళీ బ్లాకును తెచ్చుకుంటే వచ్చే తొలకరికి కడిగి వాడుకోవచ్చు.